‘సూపర్ మామా’ వద్దు, విన్న కథ తిరిగి చెప్పు

మన ఫోన్‌లో కథలు రాసుకునే ఫ్రెండ్ ఒకడైనా ఉంటాడు. పగలంతా ఆఫీసు, రాత్రి పదకొండు దాటాక స్క్రీన్‌ప్లే. ఏ ఆదివారం మధ్యాహ్నమో, బిర్యానీ తిని కునుకు తీద్దామనుకునే టైముకి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. ‘మామా, ఒక లైన్ అనుకున్నా. ఎలా ఉందో చెప్పు.’ చదువుతాం. రెండు మంట ఎమోజీలు పెడతాం. ‘సూపర్ మామా, థియేటర్ దద్దరిల్లిపోద్ది’ అని కొట్టి పడుకుంటాం.

అవతల వాడు పడుకోడు. ఆ మాటల్ని నాలుగుసార్లు చదువుకుంటాడు. నిజంగా అన్నాడా, మొహమాటానికి అన్నాడా అని లెక్కలేసుకుంటాడు. కొంతమంది ఆ ఒక్క మాట పట్టుకుని ఆర్నెల్లు రాస్తారు. ఇంకొంతమంది రిజైన్ లెటర్ కూడా రాసేస్తారు. మనకి పది సెకన్లు పట్టిన పని, వాళ్ళకి ఒక ఏడాది.

లైన్ ఎలా రాయాలో నేర్పే వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. మనలో రాసేవాళ్ళకంటే వినేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఈ వారం వినేవాళ్ళ పని గురించి మాట్లాడుకుందాం.

ముందే చెప్పేస్తా, నాకు ఇండస్ట్రీతో ఏ సంబంధమూ లేదు. నేను రాసేది కోడ్. కాలేజీలో షార్ట్ ఫిల్మ్‌లు తీసిన బ్యాచ్ మాది కాబట్టి నెలకి రెండు మూడు లైన్లు నా ఫోన్‌కి వస్తుంటాయి. ఆఫీసులో రోజూ వేరేవాళ్ళ కోడ్ చదివి అభిప్రాయం చెప్పాలి. ఆ అలవాటు ఇక్కడ బాగా పనికొచ్చింది.

అసలు లైన్ అంటే

కథ మొత్తాన్ని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేది లైన్. ఇంగ్లీష్‌లో లాగ్‌లైన్ అంటారు, మన దగ్గర ‘పాయింట్’ అని కూడా అంటారు. షూటింగ్‌కి ముందు సీన్లన్నీ వరసగా రాసుకునే ‘వన్‌లైన్ ఆర్డర్’ వేరు, దాంతో కలపొద్దు. లైన్‌లో నాలుగు విషయాలు ఉంటే చాలు. ఎవరు? వాళ్ళకి ఏం కావాలి? అడ్డు ఏంటి? దక్కకపోతే ఏం పోతుంది?

రెండు వాక్యాలకి ఇంత గొడవ ఎందుకు అంటే, స్క్రిప్టు నడవలేదు, లైన్ నడుస్తుంది. కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర మీ వాడు ఒక అసిస్టెంట్ డైరెక్టర్‌కి చెప్తాడు. ఆయన కారులో వెళ్తూ డైరెక్టర్‌కి చెప్తాడు. ఆయన ప్రొడ్యూసర్ ఆఫీసులో ఇంకెవరికో చెప్తాడు. రాసినవాడు ఆ కారులోనూ ఉండడు, ఆ ఆఫీసులోనూ ఉండడు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరేది ఆ రెండు వాక్యాలే. దారిలో అరిగిపోయే లైన్ అయితే, వెనకున్న 120 పేజీలు ఎవరూ తెరవరు.

మొదట వినే మనం ఆ దారిలో మొదటి చెవి. అక్కడే ఏం అరిగిపోయిందో చెప్పగలిగితే, వాడికి దాన్ని సరిచేసుకునే అవకాశం ఉంటుంది.

నా మెషీన్‌లో పనిచేస్తోంది!

సాఫ్ట్‌వేర్ వాళ్ళ పాత జోకు ఇది. బగ్ ఉందిరా అంటే ‘నా మెషీన్‌లో పనిచేస్తోందే’ అంటాడు. లైన్ విషయంలో జరిగేది అదే. రాసినవాడి తలలో సినిమా మొత్తం ఆడుతోంది. హీరో మొహం, ఇంటర్వెల్ బ్యాంగ్, బ్యాక్‌గ్రౌండ్ స్కోరుతో సహా. మన చేతికొచ్చింది రెండు వాక్యాలు. ఆ రెండిట్లోంచి మన తలలో ఏ సినిమా మొదలైందో వాడికి తెలిసే దారి లేదు, మనం చెప్తే తప్ప.

అందుకే మొదటి పని చాలా సింపుల్. బాగుందో లేదో తర్వాత. ‘నాకు అర్థమైన కథ ఇదీ’ అని మన మాటల్లో తిరిగి చెప్పాలి. ఇందులో తీర్పు లేదు, పొగడ్త లేదు. కానీ రాసినవాడికి ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు.

నా ఫ్రెండ్ ఒకడు పంపిన లైన్ ఉదాహరణగా చెప్తా. వాడిని అడిగే రాస్తున్నా. మొదట పంపింది ఇది:

‘ఒక రాత్రి. ఒక బస్సు. 40 మంది ప్రయాణికులు. ఒక రహస్యం. తెల్లారేసరికి అందరి జీవితాలూ మారిపోతాయి.’

చదవగానే ఊపు వస్తుంది. పోస్టర్ మీద వేస్తే బాగుంటుంది కూడా. ఎందుకంటే ఇది ట్యాగ్‌లైన్. ట్యాగ్‌లైన్ ఊరించి దాస్తుంది, లైన్ ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. మనకి సినిమా రివ్యూలు చదివి చదివి ‘…అనేదే మిగతా కథ’ అని ఆపేయడం అలవాటైపోయింది. ప్రేక్షకుడి దగ్గర అది న్యాయమే. మనతో కలిసి సినిమా తీయాల్సిన మనిషి దగ్గర ‘మిగతా కథ’ దాచేస్తే ఆయన దేనికి సరే అనాలి?

నేను పెట్టిన జవాబు ఇది: ‘నాకు వినపడింది చెప్తా. రాత్రి బస్సులో ఏదో జరిగింది. ఎవరికి జరిగిందో తెలీలేదు. ఆ 40 మందిలో నేను ఎవరి పక్క సీట్లో కూర్చోవాలో తెలీలేదు.’

వెంటనే నాలుగు నిమిషాల వాయిస్ నోట్ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ వెళ్ళే బస్సు, కామారెడ్డి దాటాక చివరి సీట్లో పెద్దాయన చనిపోవడం, కండక్టర్ అది చూసి ఎవరికీ చెప్పకపోవడం, అన్నీ ఉన్నాయి. మెసేజ్‌లో మాత్రం ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. ఆ సంగతి వాడికి అప్పుడే తెలిసింది. కాసేపటికి రెండో లైన్ వచ్చింది:

‘ఆదిలాబాద్ వెళ్ళే నైట్ బస్సులో ఒక ప్రయాణికుడు చనిపోతాడు. కండక్టర్ ఆ విషయం తెల్లారేదాకా దాచాలనుకుంటాడు.’

ఇప్పుడు మనిషి ఉన్నాడు. పక్కన కూర్చోవడానికి మనకో సీటు దొరికింది.

ప్రశ్నల్లో రెండు రకాలు

రెండో పని, మన తలలో పుట్టిన మొదటి ప్రశ్నని అలాగే పంపడం. అయితే ఆ ప్రశ్న ఏ రకమో చూసుకోవాలి.

‘ఈగ’ తీసుకోండి. 2012లో వచ్చింది. లైన్ ఇంతే: ప్రేమించిన అమ్మాయి కోసం ఒక కుర్రాడిని బలమైన విలన్ చంపేస్తే, వాడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడు. వినగానే వచ్చే ప్రశ్న, ‘ఈగ మనిషిని ఎలా చంపుతుంది?’ ఆ ప్రశ్నకి జవాబే సినిమా. టికెట్ కొని తెలుసుకోవాలనిపించే ప్రశ్న అది. ‘జెర్సీ’ (2019) కూడా అంతే. కొడుక్కి జెర్సీ కూడా కొనివ్వలేని, ఎప్పుడో క్రికెట్ వదిలేసిన తండ్రి 36 ఏళ్ళ వయసులో మళ్ళీ బ్యాట్ పడతాడు. ‘ఆ వయసులో ఎలా ఆడతాడు?’ అని అడుగుతాం. అదీ సినిమా చూస్తే దొరికే జవాబే.

ఇంకో రకం ప్రశ్న ఉంది. ‘అసలు ఎందుకు?’ అనేది. దానికి జవాబు సినిమాలో చూసుకుందాం అంటే కుదరదు. లైన్‌లోనే ఉండాలి. లేకపోతే వినేవాడు అక్కడే దిగిపోతాడు.

బస్సు లైన్ చదివాక నాకొచ్చింది రెండో రకం. ‘ఎందుకు దాచాలి? బస్సు పక్కకి ఆపి 108కి ఫోన్ చేస్తే అయిపోతుంది కదా?’

ఇంతే అడిగా. జవాబు నేను చెప్పలేదు.

2014లో వచ్చిన ‘దృశ్యం’ గుర్తుందా? కేబుల్ టీవీ నడుపుకునే మనిషి, ఇంట్లో అనుకోకుండా జరిగిన చావుని దాచి కుటుంబాన్ని కాపాడుకోవాలి. పోలీసుల దగ్గరికి వెళ్ళి నిజం చెప్పొచ్చు కదా అని మనకీ అనిపిస్తుంది. కానీ చనిపోయిన కుర్రాడి తల్లే పోలీసు ఉన్నతాధికారి. ఆ తలుపు అక్కడే మూసుకుపోయింది. కథలో తేలికైన దారి ఉన్నంతసేపు హీరో పడే కష్టం మనకి పట్టదు. వినేవాడి పని ఆ తెరిచున్న తలుపు చూపించడం. మూసే పని రాసినవాడిది.

మన కథ వాడి మీద రుద్దొద్దు

అదే లైన్ మా కాలేజీ గ్రూపులో కూడా వాడే పెట్టాడు. అరగంటలో సలహాల వర్షం. చనిపోయినవాడి బ్యాగులో వజ్రాలు ఉన్నాయని పెట్టు. అసలు చావలేదు, ఇంటర్వెల్‌లో కళ్ళు తెరుస్తాడు. 17వ సీట్లో హీరోయిన్ ఉండాలి మామా, లేకపోతే పాటలెక్కడ పెడతావ్? ఎవరికి వాళ్ళు ఉత్సాహంగా చెప్పారు, ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ లెక్కేస్తే అక్కడ ఆరు కొత్త సినిమాలు తయారయ్యాయి. వాడిది మాత్రం ఒక్క అడుగు ముందుకెళ్ళలేదు.

కోడ్ రివ్యూలో ఒక మర్యాద ఉంది. అవతలివాడు రాసింది చదివి, ఎక్కడ ఆగిపోతుందో చెప్తాం. మొత్తం తుడిచేసి మనకి నచ్చినట్టు రాసివ్వం. అలా చేస్తే అది మన కోడ్, రేపు ఆగిపోతే వాడికి బాగుచేయడం రాదు. కథ ఇంకా సున్నితం. వజ్రాల ఐడియా ఎంత బాగున్నా, 120 పేజీలు దాన్ని మోయాల్సింది వాడు. వాడి లోపల నుంచి రాకపోతే ముప్ఫయ్యో పేజీలో ఆగిపోతుంది.

మూడు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. ‘చనిపోయినాయన దగ్గర టికెట్ లేదు మామా.’

కండక్టర్ ఆయన దగ్గర డబ్బులు తీసుకుని టికెట్ కొట్టలేదు. జేబులో వేసుకున్నాడు. ఇంతకుముందే ఒకసారి చెకింగ్‌లో దొరికాడు. ఇప్పుడు శవం బయటపడితే పోలీసులు మొదట వెతికేది టికెట్టే. ఉద్యోగం పోతుంది.

నాకింకో తలుపు కనపడింది. ‘ఇప్పుడు టికెట్ కొట్టి ఆయన జేబులో పెట్టేయొచ్చు కదా?’

‘టికెట్ మీద టైము పడుతుంది. ఆయన చనిపోయిన గంట తర్వాత కొన్న టికెట్ అవుతుంది.’

చదివి నవ్వొచ్చింది, వెంటనే ఆ కండక్టర్ మీద జాలి కూడా వేసింది. మా గ్రూపులో ఎవరికీ తట్టని ముక్క అది. వాడికి ఎందుకు తట్టిందంటే వాళ్ళ ఊరికి రోజుకి రెండే బస్సులు, చిన్నప్పటి నుంచి ఆ కండక్టర్లతో కబుర్లు చెప్తూ పెరిగాడు. వజ్రాలు ఎవరైనా పెట్టగలరు. ఈ టికెట్ వాడే పెట్టగలడు. మూడో లైన్ ఇలా వచ్చింది:

‘డబ్బులు తీసుకుని టికెట్ కొట్టని ఒక నైట్ బస్సు కండక్టర్, ఆ ప్రయాణికుడు సీట్లోనే చనిపోయాడని తెలిశాక, ఉద్యోగం నిలబెట్టుకోవాలంటే తెల్లారేదాకా 40 మంది మధ్య ఆ శవాన్ని నిద్రపోతున్న మనిషిలా నమ్మించాలి.’

ఇప్పుడు నా ప్రశ్న ‘ఎలా నమ్మిస్తాడు?’ మొదటి రకంలోకి వచ్చేసింది.

‘ఇది ఆ సినిమానే కదా’

అందరూ ముందు అనేసే మాట ఇది. అనేసి పెద్ద విషయం కనిపెట్టినట్టు ఫీలవుతాం. బస్సు లైన్‌కి కూడా ఒకడు అన్నాడు, ‘వీకెండ్ ఎట్ బెర్నీస్’ అని. 1989 నాటి అమెరికన్ కామెడీ. చనిపోయిన బాస్‌ని బతికున్నట్టు ఇద్దరు కుర్రాళ్ళు నమ్మిస్తారు. పోలిక నిజమే. అయితే ఏంటి?

1923లో బస్టర్ కీటన్ ‘అవర్ హాస్పిటాలిటీ’ అనే మూకీ సినిమా తీశాడు. పగవాళ్ళ ఇంటికే అతిథిగా వెళ్ళిన కుర్రాడు. ఇంట్లో ఉన్నంతసేపు అతిథి మర్యాద ప్రకారం చంపకూడదు, బయట అడుగు పెడితే చంపేస్తారు. ఆ స్ఫూర్తితో 2010లో మన ‘మర్యాద రామన్న’ వచ్చింది. ఫ్యాక్షన్ పగలు, ఇంటి గడప, అతిథి మర్యాద అన్నీ మన సీమవే అన్నట్టు కుదిరాయి. 2012లో అది హిందీలో ‘సన్ ఆఫ్ సర్దార్’గా పంజాబ్ వెళ్ళింది. లైన్ ఒకటే, ఊళ్ళు మూడు.

కాబట్టి పోలిక చెప్పొద్దని కాదు, చెప్పాలి. రాసినవాడికి ఆ సినిమా తెలియకపోవచ్చు, తెలుసుకోవడం మంచిది. చెప్పే పద్ధతి మారితే చాలు. ‘ఇది పాతదే’ అని తలుపు వేసేయకుండా, ‘నాకు ఫలానా సినిమా గుర్తొచ్చింది, దానికీ నీదానికీ తేడా ఏంటి?’ అని అడగండి. మా వాడి జవాబు ఒక్క ముక్క: ‘అందులో టికెట్ లేదు.’ తేడా తెలిసిన రచయిత ఇలా చెప్పేస్తాడు. తెలియని రచయిత ఆలోచనలో పడతాడు. రెండూ లాభమే.

నమ్మి పంపింది బయటికి పోకూడదు

ఒక సీరియస్ విషయం. లైన్‌కి చట్టం కాపలా కాయదు. 1978లో ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఐడియాకి, థీమ్‌కి కాపీరైట్ ఉండదు. ఆ ఐడియాని రాసిన తీరుకే ఉంటుంది. అంటే స్క్రిప్టుగా విప్పి రాస్తే కొంత రక్షణ ఉంది, రెండు వాక్యాల దగ్గర వాడి చేతిలో ఏమీ లేదు, మన మీద నమ్మకం తప్ప.

అందుకే పర్సనల్‌గా వచ్చిన లైన్‌ని వేరే గ్రూపులో ఫార్వర్డ్ చేయొద్దు. ‘మా వాడు ఒక పిచ్చి ఐడియా చెప్పాడు తెలుసా’ అని ఆఫీసు క్యాంటీన్‌లో నవ్వించడానికీ వాడొద్దు. మనకి కాలక్షేపం కావచ్చు, పక్క టేబుల్ దగ్గర ఎవరు కూర్చున్నారో మనకి తెలీదు.

టైమ్ లేనివాళ్ళకి మూడు మెసేజ్‌లు

ఇంత చదివాక కూడా ‘అన్నా, నాకు సినిమా గ్రామర్ రాదు’ అనేవాళ్ళుంటారు. రానక్కర్లేదు. ఈ మూడు కొట్టగలిగితే చాలు.

ఒకటి: ‘నాకు అర్థమైన కథ ఇది…’

రెండు: ‘చదవగానే నాకొచ్చిన ప్రశ్న ఇది…’

మూడోది మర్నాడు పంపాలి: ‘నిన్న నువ్వు చెప్పినదాంట్లో నాకింకా గుర్తున్నది ఇది…’

ఆ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. ఒక రాత్రి నిద్రపోయి లేచాక మన బుర్రలో మిగిలిందే అసలు లైన్. నాకు మర్నాడు బస్సు నంబరు గుర్తులేదు, దారిలో ఊళ్ళు గుర్తులేవు. శవం జేబులో లేని టికెట్ గుర్తుంది. అది చెప్తే ఏది పట్టుకుని రాయాలో వాడికి తెలుస్తుంది.

నచ్చకపోతే? చెప్పండి, తప్పేం లేదు. కాకపోతే ఎక్కడ ఆసక్తి పోయిందో చూపించి చెప్పండి. ‘యాప్ బాలేదు’ అని వచ్చే కంప్లయింట్‌తో మేం ఏమీ చేయలేం. ‘పేమెంట్ పేజీలో బ్యాక్ నొక్కితే డబ్బులు రెండుసార్లు కట్ అవుతున్నాయి’ అంటే ఆ సాయంత్రానికే సరిచేస్తాం. ‘లైన్ బోర్’ అనేది మొదటి రకం. ‘హీరోకి ఏం కావాలో తెలిసింది, దక్కకపోతే ఏం పోతుందో తెలీలేదు, అక్కడ నేను ఆగిపోయా’ అనేది రెండో రకం.

అడగని ప్రశ్న

లైన్ పంపేవాడు పైకి అడిగేది కథ గురించి. లోపల అడిగేది వేరే. ‘నేను రాయగలనా?’ అని. ఒక్కోసారి అది బయటికే వచ్చేస్తుంది. మూడో లైన్ పంపిన రాత్రి మా వాడు అడిగాడు, ‘మామా, జాబ్ మానేయనా?’

ఇంటి లోన్ ఈఎంఐ ఉంది, చెల్లి చదువు ఉంది. ఆ ఒక్క మెసేజ్‌లో అవన్నీ ఉన్నాయి. ఇలాంటప్పుడు ‘నీకు రాదులే’ అనడం ఎంత తప్పో, ‘నువ్వు ఉండాల్సింది ఇక్కడ కాదు మామా, ఫిల్మ్‌నగర్‌లో’ అనడం అంతే తప్పు. మొదటిది బాధపెడుతుంది కాబట్టి జాగ్రత్తపడతాం. రెండోది తియ్యగా ఉంటుంది కాబట్టి నోరు జారేస్తాం. అన్నవాడికి ఖర్చేం లేదు. ఈఎంఐ డేట్ వచ్చేది విన్నవాడికి.

మనం చదివింది ఒక వాక్యం. ఆ వాక్యం గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. దాన్ని బట్టి ఒక మనిషి జీవితం మీద తీర్పు చెప్పడానికి మన దగ్గర సరుకు లేదు. నేను రాసిన జవాబు ఇది: ‘లైన్ నాకు పట్టింది. ఉద్యోగం గురించి ఈ ఒక్క వాక్యం చూసి నేను చెప్పలేను. ముందు 50 పేజీలు రాయి. చదువుతా, అప్పుడు మాట్లాడదాం.’

కాసేపు బ్లూ టిక్ మాత్రమే కనపడింది. తర్వాత ‘సరే’ అని వచ్చింది.

ఇప్పుడు 42వ పేజీలో ఉన్నాడు. పగలు ఆఫీసు, రాత్రి బస్సు. బస్సు ఇంకా నిర్మల్ దాటలేదట.